మెటల్ డిటెక్టర్: లంకెబిందెల పిచ్చి కాదు

మెటల్ డిటెక్టర్ అనగానే మనవాళ్ళకు రెండే గుర్తుకొస్తాయి. ఒకటి, పెద్ద గుడి వాకిట్లోనో విమానాశ్రయంలోనో మన జేబులు తడిమే పోలీసాయన చేతిలోని కర్ర. రెండోది, అమావాస్య రాత్రి పాడుబడ్డ గుడిలో నంది విగ్రహం కింద గుంత తవ్వుతూ పట్టుబడిన ముఠా గురించి పేపర్లో వచ్చే వార్త. మూడో సంగతి ఒకటుంది. ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ వేలాదిమంది మామూలు మనుషులు, పోస్టుమ్యాన్లు, బస్సు డ్రైవర్లు, రిటైరైన మేస్త్రీలు, ఆదివారం పూట ఈ యంత్రం భుజాన వేసుకొని కోతలైన పొలాల్లో నడుస్తారు. చేపలు పట్టటం ఎట్లాంటి సరదానో వాళ్ళకిదీ అట్లాంటి సరదా. ఆ మాట చెబితే మనవాళ్ళు నమ్మరు. "ఊరికే తిరుగుతారా? బంగారం కోసమే అయ్యుంటుంది" అంటారు.

నా అభిప్రాయం వేరు. ఈ సరదా పుట్టుకను కొంచెం ఓపికగా వెనక్కి వెదుక్కుంటూ పోతే బంగారం ఆశ చాలా చివర్న గాని రాదు. మొదట్లో ఉన్నది పోయిన వస్తువు. ఫలానా వస్తువు ఇక్కడే ఎక్కడో ఉంది, కంటికి కనిపించటం లేదు, దాన్ని వెదకాలి. అంతే.

మొట్టమొదట వెదికిన వస్తువు తుపాకి గుండు. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను ఒకడు రైల్వే స్టేషన్లో కాల్చాడు. గుండు ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రేలు ఇంకా పుట్టని కాలం. వైద్యులు వేళ్ళు పెట్టి కెలకటం తప్ప మరో దారి ఎరుగరు. అప్పుడు టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ముందుకొచ్చాడు. రెండు తీగచుట్టలను ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడకుండా సరితూచి పెట్టి, టెలిఫోను రిసీవరు తగిలించాడు. దగ్గర్లో లోహం లేనంతసేపూ నిశ్శబ్దం. లోహం వచ్చిందా, ఆ తూకం చెడి చెవిలో చప్పుడు. పాత యుద్ధంలో గుండ్లు ఒంట్లో మిగిలిపోయిన సైనికుల మీద పరీక్షించాడు, పనిచేసింది. తీరా అధ్యక్షుడి మంచం దగ్గరికొచ్చేసరికి ఎక్కడ పెట్టినా చప్పుడే! పరుపు కింద ఉక్కు తీగలున్నాయని తర్వాత తేలింది. పైగా గుండు కుడివైపే ఉందని పట్టుబట్టిన పెద్ద డాక్టరు ఎడమవైపు వెదకనివ్వలేదు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. గుండు వెన్నెముకకు ఎడమవైపున దొరికింది.

మన ఫిజిక్సు ల్యాబులో డిఫ్లెక్షన్ మాగ్నెటోమీటరు ప్రయోగం చేసేటప్పుడు ఇనప స్టూలు దగ్గరికి లాక్కొని రీడింగు తప్పు వచ్చిందని తిట్లు తిన్న మిత్రులు ఉంటారు. బెల్ అంతటివాడికే మంచం అడ్డం తిరిగింది, వాళ్ళు దిగులుపడనక్కర్లేదు.

ఆ తర్వాత యాభై ఏళ్ళపాటు ఈ యంత్రం జనం చేతికి రాలేదు. జర్మనీ నుంచి అమెరికాకు వలస వచ్చిన గెర్హార్డ్ ఫిషర్ అనే ఇంజనీరు, విమానాలకు రేడియో ద్వారా దిక్కు తెలిపే పరికరాల మీద పనిచేస్తున్నాడు. లోహమో, ఖనిజమున్న రాయో దగ్గర్లో ఉన్నచోట ఆ పరికరం దిక్కు తప్పుతోంది. మరొకరైతే ఆ తప్పును సవరించి ఊరుకునేవారు. ఫిషర్ మాత్రం ఆ తప్పునే పనికొచ్చేదిగా మార్చుకున్నాడు. సొంత గ్యారేజీలో నలుగురిని పెట్టుకొని 'మెటలాస్కోప్' తయారుచేశాడు. 1937లో పేటెంటు వచ్చింది. రెండు పెద్ద చెక్కపెట్టెలు, వాటిలో రేడియో వాల్వులు, బ్యాటరీలు. దాన్ని కొన్నది ఎవరయ్యా అంటే గనుల వాళ్ళు, భూమిలోని గొట్టాలు వెదికే కంపెనీల వాళ్ళు. ఇంకా సరదా కాలేదు, బతుకుతెరువే.

సరదా కావటానికి నడుమ ఒక మహాయుద్ధం జరగవలసి వచ్చింది. జర్మనీ తమ దేశాన్ని ఆక్రమిస్తే స్కాట్లండు చేరుకున్న పోలిష్ సైన్యంలో యూజెఫ్ కొసాట్స్కి అనే లెఫ్టినెంటు ఉండేవాడు. భూమిలో పాతిన మందుపాతరలను పసిగట్టటానికి ఒక సైనికుడు ఒక్కడే మోయగలిగే యంత్రం తయారుచేశాడు. దాదాపు 14 కిలోల బరువు. చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర తీగచుట్ట, చెవులకు హెడ్‌ఫోను. ఈనాటికీ మెటల్ డిటెక్టర్ రూపం అదే. 1942లో ఎల్ అలమీన్ దగ్గర ఈజిప్టు ఎడారిలో జర్మన్లు పాతిన మందుపాతరల నడుమ దారి చేసింది ఈ యంత్రమే. కొసాట్స్కి పేటెంటు తీసుకోలేదు. బ్రిటిష్ సైన్యానికి ఉచితంగా ఇచ్చేశాడు. రాజుగారి దగ్గర్నుంచి కృతజ్ఞతలు తెలుపుతూ ఒక ఉత్తరం వచ్చిందట, అంతే. అది చదివినప్పుడు నాకు కోపమూ వచ్చింది, గౌరవమూ కలిగింది.

యుద్ధం ముగిసింది. లక్షల రూపాయల సరుకు సైన్యం గోదాముల్లో మిగిలింది. బూట్లు, టెంట్లు, జీపులతో పాటు మందుపాతరల డిటెక్టర్లనూ అమెరికాలో మిగులు సరుకు కింద చవగ్గా అమ్మేశారు. వర్జీనియా, టెన్నెసీ లాంటి రాష్ట్రాల్లో అంతర్యుద్ధం జరిగిన నేలలున్నాయి. 1861 నుంచి 1865 దాకా అక్కడ పోరాడిన సైనికుల గుండీలు, బెల్టు బిళ్ళలు, సీసపు తూటాలు ఇంకా మట్టిలోనే ఉన్నాయి. ఈ సైనిక యంత్రాలు కొని, ఆ పొలాల్లో వాటిని వెదకటం మొదలుపెట్టారు. ఈ సరదా నిజమైన పుట్టుక ఇక్కడేనని నా నమ్మకం. సీసపు తూటాకు బజార్లో ఏం ధర పలుకుతుంది? ధర కోసం కాదు. "మా ముత్తాత ఈ గట్టు మీద నిలబడ్డాడా" అని తెలుసుకోవాలనే తహతహ. నిన్నటిదాకా ఏ చప్పుడు వినిపిస్తే సైనికుడి గుండె ఆగిపోయేదో, అదే చప్పుడు వినపడితే ఇప్పుడు సంతోషంతో మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తీసేవాళ్ళు వచ్చారు. యంత్రం మారలేదు, చెవి మారింది.

(ఆ యుద్ధభూముల్లో ప్రభుత్వం కాపాడుతున్న జాతీయ పార్కుల్లో ఇప్పుడు డిటెక్టరు తిప్పటం నేరం. అది మంచిదే.)

తక్కిన కథ మన ఎలక్ట్రానిక్సు పాఠమే కాబట్టి గబగబా చెప్పేస్తాను. ట్రాన్సిస్టరు వచ్చింది, వాల్వులు పోయాయి, బరువు తగ్గింది. 1950లలో, 60లలో అమెరికాలో వైట్స్, గారెట్ లాంటి కంపెనీలు సామాన్యుల కోసమే వీటిని తయారుచేయసాగాయి. వైట్స్ వారిది వింత. యురేనియం వెదికేవారికి గైగర్ కౌంటర్లు అమ్ముతూ ఈ దారిలోకి వచ్చారు. ఆ తొలి యంత్రాల్లో రెండు ఆసిలేటర్లుండేవి. ఒకటి లోపల స్థిరంగా, రెండోది కింది తీగచుట్టతో. లోహం దగ్గరికొస్తే రెండో దాని ఫ్రీక్వెన్సీ కొంచెం జరుగుతుంది, రెండింటి తేడా మన చెవికి 'కుయ్' మని వినిపిస్తుంది. ఈ సర్క్యూట్ మన బి.ఎస్సీ. ఎలక్ట్రానిక్సు విద్యార్థి ఎవరైనా వారం రోజుల్లో కట్టగలడు. తీగచుట్టకు రాగి తీగ, నాలుగైదు ట్రాన్సిస్టర్లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, పాత హెడ్‌ఫోను చాలు. చిక్కల్లా అది బంగారానికీ, సీసా మూతకూ తేడా తెలుపలేదు. 1970ల తర్వాత వచ్చిన యంత్రాలు కొంతవరకు తెలుపుతున్నాయి. అయినా కూల్‌డ్రింకు డబ్బా మీది అల్యూమినియం రింగు వాళ్ళను ఇప్పటికీ మోసం చేస్తూనే ఉందట!

యంత్రం తేలికై, ధర అందుబాటులోకి వచ్చాక 1970లలో ఇంగ్లండులో ఈ సరదా దావానలంలా వ్యాపించింది. దానితోపాటు గొడవా మొదలైంది. పురావస్తు శాస్త్రజ్ఞులు లబోదిబోమన్నారు. ఒక నాణెం తవ్వి తీసుకుపోతే నాణెం మిగులుతుంది గాని అది ఏ పొరలో, ఏ కుండపెంకు పక్కన, ఏ గోడ వారన ఉందో ఆ సంగతి శాశ్వతంగా పోతుంది. ఒక పుస్తకంలోంచి నచ్చిన బొమ్మ చింపుకొని పోయినట్టు. 1979లో వచ్చిన చట్టం రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టర్లు వాడటాన్ని నిషేధించింది. 1980లో "మన గతాన్ని దోచుకోవటం ఆపండి" అంటూ పెద్ద ప్రచారమే జరిగింది. డిటెక్టర్ల వాళ్ళు సంఘం పెట్టుకొని ఎదురు తిరిగారు. "మీరు వందేళ్ళైనా తొంగిచూడని దున్నుడు పొలంలో మేము వెదికితే మీకేం నష్టం" అన్నారు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే రైతు కొడుకుగా నాకు రెండోవారి మాట బాగా ఎక్కింది. ఏటా మడక కర్రు, ఇప్పుడైతే ట్రాక్టరు నాగళ్ళు, నేల పైపొరను తిరగేస్తూనే ఉంటాయి. ఆ పొరలో ఉన్నది ఎట్లాగూ స్థానం తప్పి తిరుగుతూ ఉంటుంది. ఎరువుల మందులు దాన్ని తినేస్తూ ఉంటాయి. అక్కడున్న దాన్ని బయటికి తీసి, చోటు రాసిపెడితే లాభమేగాని నష్టం లేదు. దున్నుడు లోతు దాటి కిందికి పోయాడా, అప్పుడు మాత్రం వాడు చేతులు తీసి వెనక్కి జరగాలి.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం 1992 నవంబరు 16న జరిగింది. ఇంగ్లండులో సఫోక్ ప్రాంతంలో హాక్స్‌నీ అనే పల్లె. పీటర్ వాట్లింగ్ అనే కౌలురైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. మన ఇళ్ళల్లో పోయినట్టే పోయింది. ఎరిక్ లాస్ అనే స్నేహితుడికి రిటైరైనప్పుడు బహుమతిగా వచ్చిన డిటెక్టరు ఒకటుంది. "నా సుత్తి కొంచెం వెదికిపెట్టవయ్యా" అన్నాడు రైతు. లాస్ వెదుకుతూ పోతే గట్టిగా చప్పుడు. తవ్వితే వెండి స్పూన్లు, బంగారు ఆభరణాలు, నాణేలు! కొన్ని చేతికి తీశాక ఆయన తవ్వటం ఆపేశాడు. మొత్తం కథంతా ఆ ఆపటంలోనే ఉంది. అధికారులకు కబురు చేశాడు. మర్నాడు శాస్త్రజ్ఞులు వచ్చి, పెట్టె ఉన్నచోటే ఉండగా, ఏ వస్తువు పక్కన ఏది ఉందో చూసుకుంటూ పైకి తీశారు. దాదాపు పదిహేను వేల నాణేలు, రోమన్ పాలన బ్రిటన్‌లో అంతరిస్తున్న క్రీ.శ. అయిదో శతాబ్దపు తొలినాళ్ళలో ఎవరో పాతిపెట్టినవి. లాస్‌కు ప్రభుత్వం ఇచ్చిన బహుమతి 17,50,000 పౌండ్లు. అప్పటి చట్టం ప్రకారం రైతుకు వాటా ఇవ్వనవసరం లేదు. అయినా ఆయన పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. అదిప్పుడు ఆ నిధితో పాటు బ్రిటిష్ మ్యూజియం సొత్తు.

ఆ నిధిలో ఒక రాణి బొమ్మ రూపంలో చేసిన వెండి మిరియాల డబ్బా ఉంది. ఆ రోజుల్లో మిరియాలు రోముకు పోయింది మన దక్షిణ దేశపు మలబారు తీరం నుంచే. ఎక్కడి సఫోక్ పొలం, ఎక్కడి మిరియపు తీగ! లాస్ ఆత్రపడి రాత్రికి రాత్రి వెండిని కరిగించి ఉంటే ఈ ముచ్చట ఎవరికీ తెలిసేది కాదు.

హాక్స్‌నీ తర్వాతే అక్కడ 1996లో కొత్త నిధుల చట్టం వచ్చింది. దొరికిన వస్తువును మ్యూజియం తీసుకోదలిస్తే బజారు ధర కట్టి, మామూలుగా దొరికినవాడికి, భూమి యజమానికి చెరిసగం ఇస్తారు. నిధి కాని చిల్లర వస్తువులను కూడా, గుండీ అయినా సరే, ఎక్కడ దొరికిందో రాసుకోవటానికి 1997 నుంచి ఒక పథకం నడుస్తోంది. ఇప్పటికి రాసినవి పదిహేను లక్షలు దాటాయి, వాటిలో అత్యధిక భాగం ఈ ఆదివారం మనుషులు తెచ్చి చూపినవే. 2009లో స్టాఫర్డ్‌షైరులో దొరికిన ఆంగ్లో-సాక్సన్ బంగారు నిధి విలువ 32,85,000 పౌండ్లు. దాన్ని పట్టిన యంత్రాన్ని ఒకాయన రెండున్నర పౌండ్లకు పాత సామాన్ల సంతలో కొన్నాడట.

అందరూ ఇంత బుద్ధిమంతులే అని నేననను. 2015లో హియర్‌ఫర్డ్‌షైరులో వైకింగుల కాలపు నిధి దొరికిన ఇద్దరు దాన్ని దాచి అమ్ముకున్నారు. 2019లో జైలుకు పోయారు. సుమారు మూడు వందల నాణేలుంటాయని అంచనా వేస్తే చేతికి వచ్చినవి చాలా కొద్ది. అయినా ఒక మాట. దొంగతనం అక్కడ వార్త అవుతోంది. మన దగ్గర వస్తువు తెచ్చి అప్పగించటం వార్త అవుతోంది. తేడా అదే.

ఇక మన సంగతి. వెదకటంలోని రుచి మనవాళ్ళకు తెలియదని ఎవరైనా అంటే వారిని తొలకరిలో మా వైపుకు తీసుకురావాలి. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో మొదటి వాన పడి ఎర్రమట్టి కడిగినట్టయ్యేసరికి నాలుగు జిల్లాల జనం దిగుతారు. చద్దిమూట కట్టుకొని, చెట్టు కింద వండుకొని, పొద్దస్తమానం తలవంచుకొని వజ్రాల కోసం నడుస్తారు. వజ్రానికి మెటల్ డిటెక్టరు పలకదు, అక్కడ కళ్ళే యంత్రం. నూటికి తొంభైతొమ్మిది మంది ఉత్త చేతులతో పోతారు, మళ్ళీ ఏడాది వస్తారు. ఆశ లేదని చెప్పను గాని ఒట్టి ఆశే అయితే రెండో ఏడు ఎందుకొస్తారు? మా అమ్మ బుడ్డల చేన్లో కలుపు తీస్తూ చెవికమ్మ పోగొట్టుకొని మూడు రోజులు సాలు సాలునా వెదికింది. నాకు ఈ యంత్రం మీద బుద్ధి పుట్టింది అప్పుడే. అమ్మకు కావలసింది లంకెబిందె కాదు, రెండో కమ్మకు జత.

అసలు దుఃఖం ఏమంటే దొరికినప్పుడు ఏం చేయాలో మన రైతుకు తెలియదు, తెలిసినా చేయడు. మా పక్క ఊళ్ళో బావి లోతు చేస్తుంటే చిన్న కుండ పగిలి సీసపు బిళ్ళలు రాలాయి. చిల్లుపడ్డ బిళ్ళలు కొన్ని పిల్లలు ఆడుకున్నారు, మిగతావి కరిగిపోయాయి. ఎవరి కాలానివో, ఏ రాజువో దేవుడికెరుక. కరీంనగర్ వైపు కోటిలింగాలలో ఇట్లాగే పైకి తేలిన నాణేల మీద 'చిముక' అనే పేరు చదివారు. శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే రాజుకు నాణెం సాక్ష్యం దొరికింది అక్కడే. ఆ నాణేలు కూడా వల గుండ్లుగా మారి ఉంటే గోదావరి ఒడ్డున అంత చరిత్ర ఉందని చెప్పేవాడెవడు?

మా నాయనను అడిగాను, "నీకు దొరికితే చెప్తావా?" అని. "దొరికిందని చెప్పినోడు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. చెప్పనోడు సేద్యం చేసుకుంటాడు" అన్నాడు. ఈ జవాబు మీద కోప్పడటం తేలిక. చట్టం తెరిచి చూడండి. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే వాటా పోవటమే గాక జైలు కూడా. నిధికి స్వంతదారు ఎవరూ లేరని తేలి, భూమి యజమాని హక్కు కోరితే దొరికినవాడికి మూడు వంతులు, యజమానికి నాలుగో వంతు. ఇంతవరకు న్యాయంగానే ఉంది. కాని ప్రభుత్వం తాను తీసుకోదలిస్తే ఇవ్వవలసింది ఆ లోహపు విలువ, దానికి అయిదో వంతు అదనం. బంగారమైతే సరే. సీసపు నాణేనికి? సీసం ధరకు అయిదో వంతు కలిపి ఇస్తారన్నమాట! ఇంగ్లండులో చరిత్రకు ధర కడుతుంటే, మనం పాత ఇనుప సామాన్ల కొట్టువాడిలాగా తూకం వేస్తున్నాం. అంతకంటే ఇంటి పక్క కంసాలి ఎక్కువిస్తాడు, కాగితం అడగడు.

అందుకని అందరికీ డిటెక్టర్లు పంచమని నేను చెప్పబోవటం లేదు. ఈ స్థితిలో అవి చేతికొస్తే నంది కింద తవ్వేవాడే ముందు కొంటాడు. చోటు చెప్పినవాడికి భయం లేకుండా చేయటం ముందు జరగాలి, యంత్రం తర్వాత. చట్టం మార్చటం మన చేతుల్లో లేదు గాని, మన కాలేజీలో సగంమంది విద్యార్థులు పల్లెల నుంచి వచ్చినవారే. సెలవులకు పోయినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుపోవచ్చు. ఏ ఊళ్ళో, ఏ చేన్లో, ఎంత లోతున, ఏ పని చేస్తుండగా ఏం దొరికిందని పెద్దలు చెబుతారో రాసుకు రావచ్చు. వస్తువు ఇంట్లో ఉంటే ఫోటో తీసుకోవచ్చు, లాక్కురానక్కర్లేదు. మన చరిత్ర శాఖ లెక్చరర్లు చూసి అది దేని నాణెమో చెబితే, ఆ జవాబును మళ్ళీ ఆ రైతు ఇంటికి మోసుకుపోవాలి. ఈ చివరిది అందరూ మరిచిపోతారు. అడిగి రాసుకుపోయినవాడు తిరిగి రాకపోతే మా ఊళ్ళల్లో రెండోసారి ఎవరూ నోరు తెరవరు.

దీనికి చరిత్ర విద్యార్థే కానవసరం లేదు. మా తాలూకాలోని ఎర్రగుడి రాళ్ళ మీది అశోకుని శాసనాలను లోకానికి చూపింది ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు, రాళ్ళు చూడబోయి అక్షరాలు చూశాడు. ఇక ఫిజిక్సు వాళ్ళం మేము ఈ వేసవిలో ల్యాబులోని పాత ట్రాన్సిస్టర్లతో ఒక యంత్రం కట్టి, మా చేన్లోనే, నాయన అనుమతితో, బుడ్డలు పీకాక పరీక్షించాలనుకుంటున్నాం. లోతు జానెడు దాటదు. అమ్మ కమ్మ పడింది ఉత్తరపు గట్టు పక్క ఏడెనిమిది సాళ్ళల్లోనే.